మౌస్ క్లిక్‌ల మ్యాక్రో రోజూ దారి తప్పుతోంది – డిజైన్ సాఫ్ట్‌వేర్లలో మీరు ఎలా చేస్తున్నారు?

సన్నగీత

అందరికీ నమస్కారం. నా పనిలో సగం ఆటోక్యాడ్ (ప్లాన్‌లు గీసే సాఫ్ట్‌వేర్), సగం ఫోటోషాప్. ఆటోక్యాడ్‌లో సొంతంగా గీసేది తక్కువ, వేరేవాళ్లు గీసి పంపిన డ్రాయింగ్‌లు శుభ్రం చెయ్యడమే ఎక్కువ. ప్రతి ఫైల్‌కీ అదే తంతు: ఆడిట్ చెయ్యాలి (ఫైల్‌లో తప్పులు వెతికి సరిచెయ్యడం), వాడని బ్లాక్‌లూ (మళ్లీ మళ్లీ వాడే బొమ్మ ముక్కలు) లేయర్లూ పర్జ్ చెయ్యాలి, అంటే తీసెయ్యాలి, రంగులన్నీ లేయర్‌కి కట్టాలి, జూమ్ ఎక్స్‌టెంట్స్ కొట్టి (బొమ్మంతా తెరలో పట్టేలా) సేవ్ చెయ్యాలి. రోజుకి నలభై ఫైళ్లు వస్తే నలభై సార్లు ఇదే.

రెండు వారాల కింద ఆటోహాట్‌కీ (కీలూ క్లిక్‌లూ మన బదులు నొక్కే విండోస్ టూల్) పెట్టుకుని ఒక మ్యాక్రో రాసుకున్నాను. మౌస్ ఫలానా చోటికి వెళ్లాలి, క్లిక్ చెయ్యాలి, అర సెకను ఆగాలి, మళ్లీ ఇంకో చోట క్లిక్ చెయ్యాలి, అలా మొత్తం పద్దెనిమిది క్లిక్‌లు. మొదటి రోజు అద్భుతంగా నడిచింది. రెండో మానిటర్ పెట్టిన రోజు నుంచి క్లిక్‌లు పక్కకి పడుతున్నాయి. డిస్‌ప్లే స్కేలింగ్ 125 శాతానికి మార్చాక ఇంకా ఘోరం, నిన్న పర్జ్ బటన్ మీద పడాల్సిన క్లిక్ వెళ్లి రిబ్బన్‌లో ఇంకేదో నొక్కింది, అది గమనించకుండా సేవ్ కూడా అయిపోయింది.

ఆగే సమయం పెంచి చూశాను, పెద్ద ఫైల్ వస్తే మళ్లీ తప్పుతోంది. మీరంతా ఇలాంటివి ఎలా చేస్తున్నారు? మ్యాక్రోలు మానెయ్యమంటే మాత్రం మానలేను, సాయంత్రానికి మణికట్టు లాగేస్తోంది.

హాట్‌కీ_హడావిడి

ఆటోహాట్‌కీ నేను ఏళ్ల తరబడి వాడుతున్నాను, అయినా చెబుతున్నా, మీ పనికి అది మొదట పట్టుకోవాల్సింది కాదు. మౌస్ స్థానాలతో రాసిన మ్యాక్రోకి కళ్లుండవు. విండో కాస్త జరిగినా, స్కేలింగ్ మారినా, కొత్త వెర్షన్‌లో బటన్ చోటు మారినా దానికి తెలియదు, చెప్పిన చోట నొక్కేసి వెళ్లిపోతుంది. స్క్రీన్ మీద ఎక్కడ నొక్కాలో చెప్పేకన్నా, ప్రోగ్రామ్‌కి ఏం చెయ్యాలో దాని భాషలోనే చెప్పగలిగితే సగం బాధ పోతుంది. ఆటోక్యాడ్‌కి కమాండ్ లైన్, అంటే ఆదేశాలు టైప్ చేసే గడి, ఉన్నదే అందుకు.

బయటి టూల్ తప్పనిసరైన చోట కూడా అర సెకను ఆగు, సెకను ఆగు అని రాయొద్దు. ఫలానా పేరున్న డైలాగ్ విండో ముందుకొచ్చేదాకా ఆగమని రాయొచ్చు, విన్‌వెయిట్‌యాక్టివ్ అనే ఆదేశం ఉంది. చిన్న ఫైలైనా పెద్ద ఫైలైనా సరిగ్గా అంతసేపే ఆగుతుంది. దానికొక గరిష్ఠ సమయం కూడా ఇచ్చి, ఆలోపు విండో రాకపోతే మ్యాక్రో అక్కడే ఆగిపోయేలా రాసుకోండి. మీ మ్యాక్రో చేసిన అసలు నష్టం తప్పు క్లిక్ కాదు, తప్పు జరిగాక కూడా ముందుకెళ్లి సేవ్ చెయ్యడం.

పాత_పలక

సన్నగీత గారూ, మీరు చెప్పిన పని మొత్తం ఆటోక్యాడ్ లోపలే అయిపోతుంది, మౌస్ ముట్టుకోనక్కర్లేదు. కాస్త పొడుగ్గా రాస్తున్నాను, ఓపిగ్గా చదవండి.

ఆటోక్యాడ్‌లో వేగం పెంచుకోవడానికి మూడు మెట్లున్నాయి. మొదటిది ఏలియాస్‌లు, అంటే పొట్టి పేర్లు. ఏక్యాడ్ డాట్ పీజీపీ అనే టెక్స్ట్ ఫైల్‌లో ఉంటాయి. ముందు పొట్టి పేరు, తర్వాత కామా, తర్వాత నక్షత్రం గుర్తు, దాని వెంటనే కమాండ్ పేరు. మొదట్నుంచీ సి అంటే సర్కిల్, కాపీకి సిఓ. నాకు వృత్తాలకన్నా కాపీలే ఎక్కువ కాబట్టి సి ని కాపీకి ఇచ్చుకున్నాను. మీ సొంత పేర్లు ఫైల్ చివర రాయండి, ఒకే పేరు రెండుసార్లుంటే చివరిదే చెల్లుతుంది. మార్చాక రీఇనిట్ కమాండ్ కొడితే ప్రోగ్రామ్ మూసి తెరవకుండానే అమల్లోకి వస్తాయి. ఏలియాస్ మాత్రం కమాండ్‌ని మొదలుపెట్టడం వరకే, లోపలి ఆప్షన్లకి జవాబులు ఇవ్వలేదు.

రెండోది సీయూఐ (ఆటోక్యాడ్ మెనూలూ కీలూ మార్చుకునే విండో) లో రాసే మ్యాక్రో. సీయూఐ కమాండ్ కొట్టి కొత్త కమాండ్ తయారుచేసి, మ్యాక్రో గడిలో ఆదేశాలు వరసగా రాసి, దాన్ని షార్ట్‌కట్ కీస్ కిందికి లాగి మీకిష్టమైన కీ ఇస్తే అయిపోయింది. గుర్తులు కొన్నే. మొదట్లో ^ గుర్తూ సి అక్షరమూ రెండుసార్లు రాస్తే అప్పటికి నడుస్తున్న కమాండ్ రద్దవుతుంది, అంటే ఎస్కేప్ రెండుసార్లు నొక్కినట్టు. సెమికోలన్ అంటే ఎంటర్. వెనక్కి వాలిన గీత \ అంటే ఇక్కడ ఆగు, మనిషి క్లిక్ చెయ్యనీ అని. ఈ మూడూ వస్తే చాలా దూరం వెళ్లొచ్చు.

మూడోది ఆటోలిస్ప్, ఆటోక్యాడ్ లోపలే ఉన్న ప్రోగ్రామింగ్ భాష, పొట్టిగా లిస్ప్ అంటాం. 1986 నుంచీ ఆటోక్యాడ్‌లో ఉంది, అప్పటి చిన్న చిన్న ప్రోగ్రాములు కొన్ని నేటికీ మార్పు లేకుండా నడుస్తున్నాయి. ఆటోక్యాడ్ ఎల్‌టీ అనే చవక రకం వాడేవాళ్లకి 2024 వెర్షన్ దాకా అది లేదు, ఇప్పుడు వాళ్లకీ వచ్చింది.

మీ పనికి రెండో మెట్టు చాలు. వరస ఇది: రద్దు, రద్దు, ఆడిట్, సెమికోలన్, వై, సెమికోలన్. తర్వాత పర్జ్, కానీ దాని ముందు చిన్న అడ్డగీత పెట్టాలి, అదే కీలకం. అడ్డగీత పెడితే డైలాగ్ తెరుచుకోదు, ప్రశ్నలన్నీ కమాండ్ లైన్‌లోనే వస్తాయి. లేయర్‌కీ అంతే, ఇంకా చాలా కమాండ్లకీ అంతే. పర్జ్ అడిగేవాటికి ఏ, నక్షత్రం, ఎన్ అని జవాబిస్తే అన్నీ, ఏ పేరైనా, ఒక్కొక్కటీ అడగకుండా తీసేస్తుంది. ఒక బ్లాక్ లోపల ఇంకో బ్లాక్ ఉంటే ఒక్క విడతలో పూర్తిగా పోదు కాబట్టి ఆ ముక్కని మూడుసార్లు రాసుకోండి. చివర్లో జూమ్, ఈ.

సేవ్ మాత్రం మ్యాక్రోలో పెట్టొద్దు. కంటితో చూసుకుని చేత్తో కొట్టండి. కనీసం మొదటి నెల.

తొలిఅడుగు

ఈ చర్చ చదువుతుంటే నాకూ చెయ్యాలనిపిస్తోంది. కానీ ఒక అనుమానం. నేను నేర్చుకోవడం మొదలుపెట్టి ఆరు నెలలే అయింది. ఇప్పుడే కీలు మార్చేసుకుంటే రేపు ఇంకొకరి కంప్యూటర్ ముందు కూర్చున్నప్పుడు చేతులు ఆడవు కదా? ముందు సాఫ్ట్‌వేర్‌తో వచ్చిన షార్ట్‌కట్‌లే నేర్చుకోవాలని నాకు చెప్పినవాళ్లు చాలామంది.

పాత_పలక

వాళ్లు చెప్పింది తప్పు కాదు తమ్ముడూ. ఎల్, ఎం, టీఆర్, ఓ, ఎంఏ, ఈ పొట్టి పేర్లన్నీ ఉన్నవి ఉన్నట్టే నేర్చుకో, వాటిని మార్చడం వల్ల పెద్దగా ఒరిగేది లేదు. నేను సి మార్చుకున్నందుకు ఇప్పటికీ ఇంకొకరి సీట్లో కూర్చుంటే కాపీ అనుకుని వృత్తం గీస్తాను. ఉన్నదాన్ని తీసి వేరేది పెట్టకుండా, ఖాళీగా ఉన్న కీలకి కొత్తవి ఇచ్చుకుంటే నీకు ఆ ఇబ్బంది రాదు.

లేయర్_లోకం

ఫోటోషాప్ సంగతి నేను చెబుతాను, ఎందుకంటే దాని సొంత మ్యాక్రోలైన యాక్షన్స్‌తో నాకు జరిగిన నష్టం ఇంకెవరికీ జరగకూడదు.

యాక్షన్స్ కొత్తవేం కావు, 1996లో ఫోటోషాప్ 4తో వచ్చాయి. రికార్డ్ నొక్కి పని చేసుకుంటూ పోతే మెట్లు మెట్లుగా రాసుకుంటుంది, తర్వాత ఎఫ్ కీకి కట్టుకోవచ్చు, షిఫ్ట్‌తో, కంట్రోల్‌తో కలిపి కూడా. నేను చేసిన పొరపాటు ఇది. ఫోటోల సైజు 1200 పిక్సెళ్లకి తగ్గించే యాక్షన్ రికార్డ్ చేస్తూ, అలవాటు కొద్దీ చివర్లో కంట్రోల్ ఎస్ కొట్టేశాను. అది కూడా ఒక మెట్టుగా రికార్డయింది. ఆ యాక్షన్‌ని ఫోల్డర్ మొత్తం మీద బ్యాచ్‌లో నడిపాను. రెండు వందలకి పైగా అసలు ఫోటోలు చిన్నవైపోయి వాటి మీదే సేవ్ అయిపోయాయి. బ్యాకప్ సగానికే ఉంది. మిగతా సగం మళ్లీ రాలేదు, అవి తీసిన సందర్భమూ మళ్లీ రాదు.

అప్పటి నుంచి నా యాక్షన్లలో సేవ్ మెట్టు ఉండదు. బ్యాచ్ డైలాగ్‌లో గమ్యం వేరే ఫోల్డర్‌గా పెడతాను. సైజు మార్చి జేపెగ్ చెయ్యడం ఒక్కటే పనైతే అసలు యాక్షనే అక్కర్లేదు, ఫైల్ మెనూలో స్క్రిప్ట్స్ కింద ఇమేజ్ ప్రాసెసర్ ఉంది, అసలు ఫైళ్ల జోలికి పోకుండా కొత్తవి తయారుచేస్తుంది.

ఇంకో సంగతి, యాక్షన్ ఎందుకు ఒక ఫైల్‌లో నడిచి ఇంకో ఫైల్‌లో ఆగిపోతుందని చాలామంది అడుగుతారు. లేయర్ మీద క్లిక్ చేసి ఎంచుకుంటే ఆ లేయర్ పేరే రికార్డవుతుంది. తర్వాతి ఫైల్‌లో ఆ పేరుతో లేయర్ లేకపోతే అక్కడ ఆగిపోతుంది. క్లిక్ చెయ్యకుండా ఆల్ట్‌తో చదరపు బ్రాకెట్ కీలు నొక్కి పైకీ కిందికీ వెళ్తే, పైనున్న లేయర్, కిందున్న లేయర్ అని రికార్డవుతుంది, పేరుతో పనుండదు. అలాగే రికార్డ్ చేసే ముందు రూలర్ కొలతలు శాతాల్లోకి మార్చుకోండి. అప్పుడు సెలెక్షన్‌గానీ క్రాప్‌గానీ మొత్తం బొమ్మలో ఇన్ని వంతులు అని రాసుకుంటుంది, పిక్సెళ్లలో ఉంటే పెద్ద బొమ్మ మీద ఎక్కడో మూలన పడుతుంది.

సన్నగీత

లేయర్_లోకం గారూ, చదువుతుంటే గుండె ఆగినంత పనైంది. నా యాక్షన్లు ఇప్పుడే తెరిచి చూశాను. ఒకదాంట్లో సేవ్ ఉంది. తీసేశాను. చెప్పినందుకు చాలా థాంక్స్ అండి.

పాత_పలక గారూ, మీరు చెప్పిన మ్యాక్రో రేపు పొద్దున్న చేసి చూస్తాను.

లేయర్_లోకం

మంచి పని చేశారు. ఇంకో రెండు ముక్కలు మర్చిపోయాను. యాక్షన్ మొదటి మెట్టుగా హిస్టరీలో స్నాప్‌షాట్ తీసేలా రికార్డ్ చేసుకోండి, ఏదైనా తేడా వస్తే ముప్పై సార్లు అన్‌డూ కొట్టకుండా ఒక్క క్లిక్‌తో మొదటికి వెళ్లిపోవచ్చు. రెండోది, కొత్త యాక్షన్లు ఫోటోషాప్ మామూలుగా మూసినప్పుడే భద్రంగా రాసుకుంటుంది, మధ్యలో క్రాష్ అయితే ఆ రోజు చేసినవన్నీ పోతాయి. అందుకే యాక్షన్ ముఖ్యమైనదైతే వెంటనే ప్యానెల్ మెనూలో సేవ్ యాక్షన్స్‌తో బయట ఫైల్‌గా దాచుకోండి. ఆ ఆప్షన్ మసకగా కనిపిస్తే కంగారు పడొద్దు, యాక్షన్ కాకుండా దాని ఫోల్డర్‌ని ఎంచుకోవాలి.

ఎడమచేతి_వాటం

కీబోర్డ్ వైపు నుంచి ఎవరూ మాట్లాడలేదు కాబట్టి నేను వస్తున్నా. డిజైన్ పని చేసేవాళ్లకి కుడిచేయి ఎప్పుడూ మౌస్ మీదో పెన్ మీదో ఉంటుంది. అంటే షార్ట్‌కట్ ఎంత గొప్పదైనా కీబోర్డ్ కుడివైపు ఉంటే చెయ్యి ఎత్తాల్సిందే, ఎత్తాక మళ్లీ మౌస్ వెతుక్కోవాల్సిందే. నా నియమం ఒక్కటే, తరచూ వాడేవన్నీ ఎడమచేతి వేళ్లకి అందాలి. క్యాప్స్‌లాక్ నాకు ఎప్పుడూ అక్కర్లేదు, దాన్ని కంట్రోల్‌గా మార్చుకున్నాను, చిటికెన వేలు కిందికి వంగడం తగ్గింది. విండోస్‌లో పవర్‌టాయ్స్ అనే మైక్రోసాఫ్ట్ వాళ్ల ఉచిత టూల్‌లోని కీబోర్డ్ మేనేజర్‌తో రెండు నిమిషాల్లో అయిపోతుంది.

తర్వాత చిన్న మ్యాక్రోప్యాడ్ (మనకి కావాల్సిన పనులు ఇచ్చుకునే బుల్లి కీబోర్డ్) కొన్నాను, పన్నెండు కీలు, ఒక తిప్పే బటన్. దాని లోపల క్యూఎంకే అనే ఫర్మ్‌వేర్ నడుస్తుంది, వయా అనే టూల్‌తో కీలు మార్చుకోవచ్చు. నాకు బాగా నచ్చింది ఏంటంటే మ్యాక్రోలు ప్యాడ్ మెమరీలోనే ఉంటాయి, ఏ కంప్యూటర్‌కి తగిలించినా అక్కడ ఏమీ ఇన్‌స్టాల్ చెయ్యకుండా పనిచేస్తాయి. తిప్పే బటన్‌కి బ్రష్ సైజు ఇచ్చాను.

ఒక చిట్కా. ప్యాడ్ కీలకి నేరుగా కంట్రోల్ షిఫ్ట్ ఏదో అని ఇవ్వకుండా ఎఫ్13 నుంచి ఎఫ్24 దాకా ఇవ్వండి. మామూలు కీబోర్డుల మీద అవి కనబడవు కానీ విండోస్‌కి అవి తెలుసు. ఏ సాఫ్ట్‌వేర్‌తోనూ గొడవ పడవు. ఆటోహాట్‌కీలో, ముందున్నది ఫోటోషాప్ అయితే ఎఫ్13 అంటే ఇది, ఆటోక్యాడ్ అయితే ఇంకొకటి అని రాసుకుంటే ఒకే ప్యాడ్ రెండింటికీ సరిపోతుంది.

తొలిఅడుగు

కానీ మీరు చెప్పినదాంట్లో ఆటోహాట్‌కీ ఇన్‌స్టాల్ చెయ్యాలి కదండీ, కొన్ని ఆఫీసుల్లో ఏ ప్రోగ్రామూ పెట్టనివ్వరు.

ఎడమచేతి_వాటం

నిజమే, అలాంటి చోట ప్యాడ్‌లోనే పూర్తి కీల వరస పెట్టుకోవాలి. యూఎస్‌బీ పరికరాలు కూడా వద్దనే చోట్లున్నాయి, ముందు అడిగి తగిలించండి. అదీ కుదరకపోతే పాత_పలక గారు చెప్పినట్టు సాఫ్ట్‌వేర్ లోపలున్నదే దారి.

హాట్‌కీ_హడావిడి

ఆటోహాట్‌కీ పెట్టుకోబోయేవాళ్లకి మూడు జాగ్రత్తలు, ఇవి తెలియక నేను పోగొట్టుకున్న సాయంత్రాలు చాలా ఉన్నాయి.

నెట్‌లో దొరికే స్క్రిప్టులు సగం పాత మొదటి వెర్షన్‌వి. రెండో వెర్షన్ 2022 డిసెంబర్‌లో వచ్చింది, రాసే పద్ధతి మారిపోయింది, పాతవి అందులో అలాగే నడవవు. ఇప్పుడే మొదలుపెట్టేవాళ్లు రెండోదే నేర్చుకోండి.

డిజైన్ సాఫ్ట్‌వేర్‌ని అడ్మినిస్ట్రేటర్‌గా తెరిచి, స్క్రిప్ట్‌ని మామూలుగా నడిపితే కీలు దానికి చేరవు. విండోస్ భద్రత కోసం అడ్డుకుంటుంది. స్క్రిప్ట్ చెడిపోయిందనుకుని తలబద్దలు కొట్టుకోకుండా ముందు ఇది చూసుకోండి.

ప్రతి మ్యాక్రోనీ ఫలానా ప్రోగ్రామ్ ముందున్నప్పుడే పనిచేసేలా కట్టేయండి. అలా కట్టకుండా వదిలేసిన నా మ్యాక్రో ఒకటి ఈమెయిల్ రాస్తుండగా నడిచి, సగం రాసిన ఉత్తరాన్ని పంపేసింది.

పాత_పలక

దీనికి తోడు భాష సంగతి కూడా చెప్పాలి. తెలుగులో టైప్ చేసే మనందరికీ ఇది తగులుతుంది. కీబోర్డ్ భాష తెలుగులో ఉండిపోయిందనుకోండి, ఆటోక్యాడ్‌లో ఎల్ కొడితే కమాండ్ లైన్‌లో తెలుగక్షరం పడి అలాంటి కమాండ్ లేదంటుంది. ఫోటోషాప్‌లో టెక్స్ట్ తెలుగులో కొట్టి బయటికొచ్చాక ఒంటి అక్షరం షార్ట్‌కట్‌లు పలకకపోతే ముందు చూడాల్సింది కింద మూలన ఏ భాష ఉందో. విండోస్ కీబోర్డ్ అడ్వాన్స్‌డ్ సెట్టింగుల్లో ఒక్కో యాప్ విండోకీ వేరే ఇన్‌పుట్ పద్ధతి ఉంచుకునే ఆప్షన్ ఉంది, అది పెట్టుకుంటే బ్రౌజర్‌లో తెలుగు, క్యాడ్‌లో ఇంగ్లీషు దేనికది నిలిచి ఉంటాయి.

మూడోకోణం

త్రీడీ సాఫ్ట్‌వేర్ బ్లెండర్ వాడేవాళ్లు ఎవరైనా ఉన్నారా ఇక్కడ? ఈ విషయంలో నాకు దానంత సుఖంగా ఏదీ అనిపించలేదు. ఏ బటన్ మీదైనా మెనూ మీదైనా కుడి క్లిక్ చేస్తే షార్ట్‌కట్ ఇచ్చుకునే ఆప్షన్ అక్కడే ఉంటుంది, లేదా క్విక్ ఫేవరెట్స్‌లో చేర్చుకుంటే క్యూ నొక్కగానే మీ సొంత మెనూ వస్తుంది. ఇంకా బాగుండేది ఇన్ఫో ఎడిటర్. మీరు చేసే పనులు అక్కడ పైథాన్ లైన్లుగా పడుతూ ఉంటాయి, వాటిని కాపీ చేసి టెక్స్ట్ ఎడిటర్‌లో పెడితే స్క్రిప్ట్‌కి పునాది సిద్ధం. నాకు ప్రోగ్రామింగ్ అస్సలు రాదు, అలా కాపీ చేసుకుంటూనే కాస్త నేర్చుకున్నాను. ఫోటోలు దిద్దే జింప్‌లో మాత్రం రికార్డర్ లేదు, షార్ట్‌కట్‌లు మార్చుకోవచ్చు, కొన్ని మెట్లు కలిపి నడపాలంటే స్క్రిప్ట్ రాయాల్సిందే.

మ్యాక్‌వాసి

మ్యాక్ వాళ్లకి ఒక మాట. సిస్టమ్ సెట్టింగుల్లో కీబోర్డ్ కింద యాప్ షార్ట్‌కట్స్ ఉంది, ఏ యాప్ మెనూలో ఉన్న దేనికైనా కీ ఇవ్వొచ్చు. షార్ట్‌కట్‌లు మార్చుకోనివ్వని ఫిగ్మా లాంటి వాటికి కూడా మెనూలో ఉన్న ఐటమ్ అయితే పనిచేస్తుంది. మెనూలో పేరు ఎలా ఉందో అక్షరం పొల్లుపోకుండా అలాగే కొట్టాలి. పేరు చివర మూడు చుక్కలుంటే అవి విడివిడి మూడు చుక్కలా, ఒకే అక్షరమా అన్నది కూడా తేడా చేస్తుంది, నాకు పనిచెయ్యకపోవడానికి కారణం అదే అని తెలుసుకోవడానికి చాలా రోజులు పట్టింది.

సన్నగీత

మూడు రోజుల తర్వాత వచ్చాను. సీయూఐ మ్యాక్రో చేశాను. కంట్రోల్ షిఫ్ట్ కె ఇచ్చాను. మొదటిసారి నొక్కినప్పుడు కమాండ్ లైన్‌లో వరసలన్నీ జరజరా పోతుంటే నమ్మలేకపోయాను. అంతకుముందు చేత్తో ఒక్కో ఫైల్‌కి దాదాపు 40 సెకన్లు పట్టేది, ఇప్పుడు చిన్న ఫైలైతే నొక్కిన వేలు తీసేలోపే అయిపోతోంది. స్కేలింగ్ మార్చి చూశాను, మానిటర్ తీసి చూశాను, ఏ తేడా లేదు. పద్దెనిమిది క్లిక్‌ల స్క్రిప్ట్ తీసేశాను.

రంగులు లేయర్‌కి కట్టే సెట్‌బైలేయర్ కూడా కలిపాను, అన్నీ ఎంచుకుని రెండు ప్రశ్నలకీ వై. అక్కడ ఒక ఇబ్బంది వచ్చింది. ఒక డ్రాయింగ్‌లో మార్పులు చేసిన గోడల్ని కావాలనే ఎర్రగా పెట్టారట, నా మ్యాక్రో వాటినీ మామూలు రంగులోకి తెచ్చేసింది. సేవ్ చెయ్యలేదు కాబట్టి బతికిపోయాను.

పాత_పలక

సేవ్ వద్దన్నది అందుకే. సెట్‌బైలేయర్‌ని ఆ మ్యాక్రోలోంచి తీసి వేరే కీకి ఇవ్వండి. కళ్లు మూసుకుని నొక్కగలిగేవి ఒక కీ కింద, మనిషి చూసి నిర్ణయించాల్సినవి ఇంకో కీ కింద పెట్టుకోవాలి. ఆడిట్, పర్జ్, జూమ్‌లతో గీసిన బొమ్మ మామూలుగా మారదు. సెట్‌బైలేయర్ బొమ్మనే మారుస్తుంది.

మీరు లిస్ప్ వైపు వెళ్తానంటే ముందే ఒక ముక్క చెప్తాను, నాకు బాగా తగిలిన దెబ్బ. స్తంభాల బ్లాక్‌లు గ్రిడ్ మీద వరసగా పెట్టే లిస్ప్ రాశాను, లెక్కలన్నీ సరిగ్గానే ఉన్నాయి, అయినా కొన్ని స్తంభాలు కొద్దికొద్దిగా పక్కకి జరిగి పడ్డాయి. దగ్గర్లో ఏదో గీత చివర ఉంటే ఆబ్జెక్ట్ స్నాప్ (పాయింట్‌ని దగ్గరున్న గీత చివరకో మధ్యకో అతికించే సదుపాయం) దాన్ని పట్టేసుకుంది. మౌస్‌తో ఇచ్చిన పాయింట్‌నే కాదు, లిస్ప్ కమాండ్ ద్వారా ఇచ్చిన పాయింట్‌ని కూడా స్నాప్ లాగేస్తుంది. దగ్గరికి జూమ్ చేసి ఉంటే సరిగ్గా పడేవి, దూరంగా జూమ్ చేసి ఉంటే తప్పేవి, అందుకే చాలా రోజులు దొరకలేదు. మొదట్లో ఏ స్నాప్‌లు నడుస్తున్నాయో చెప్పే ఓఎస్‌మోడ్ విలువ దాచుకుని, సున్నా చేసి, పని అయ్యాక పాత విలువ తిరిగి పెట్టాలి.

ఇక్కడితో అయిపోలేదు. మధ్యలో ఎవరైనా ఎస్కేప్ నొక్కితే ప్రోగ్రామ్ అక్కడే ఆగిపోతుంది, పాత విలువ తిరిగి పెట్టే లైన్ దాకా వెళ్లదు, వాళ్ల స్నాప్‌లన్నీ మాయమైపోతాయి, కారణం వాళ్లకి అంతుపట్టదు. దానికోసమే లిస్ప్‌లో ఎర్రర్ ఫంక్షన్ ఉంది, ఏ కారణంతో ఆగినా అది నడుస్తుంది, సర్దుబాటు అందులో కూడా రాయాలి. అన్‌డూ బిగిన్, అన్‌డూ ఎండ్ మధ్య పని మొత్తం పెడితే ఒక్కసారి యూ (అన్‌డూ) కొట్టగానే అంతా వెనక్కి వస్తుంది.

తొలిఅడుగు

నెట్‌లో దొరికే లిస్ప్ ఫైళ్లు వాడుకోవచ్చా అండి? చాలా కనబడుతున్నాయి.

పాత_పలక

నోట్‌ప్యాడ్‌లో తెరిచి చూసి, తెలిసినవాళ్లకి చూపించి వాడు. లిస్ప్‌తో ఫైళ్లు చెరపొచ్చు, కాపీ చెయ్యొచ్చు, వైరస్‌లు కూడా ఆ దారినే పాకాయి. ఎవరో పంపిన డ్రాయింగ్‌ల ఫోల్డర్‌లో ఏక్యాడ్‌డాక్ డాట్ ఎల్‌ఎస్‌పీ అనే పేరుతో నువ్వు పెట్టని ఫైల్ కనిపిస్తే అక్కడ ఏ డ్రాయింగూ తెరవకు, ఆ పేరున్న ఫైల్ డ్రాయింగ్ తెరవగానే దానంతటదే నడిచేది. ఆటోక్యాడ్ 2014లో సెక్యూర్‌లోడ్ అనే సెట్టింగ్ వచ్చింది, నమ్మిన ఫోల్డర్లు కాకుండా వేరేచోట నుంచి ఏదైనా లోడవుతుంటే అడుగుతుంది. ఆ ప్రశ్న విసుగొస్తోందని దాన్ని ఆపెయ్యొద్దు, నీ లిస్ప్‌లన్నీ ఒక ఫోల్డర్‌లో పెట్టి దాన్ని ట్రస్టెడ్ పాత్స్‌లో చేర్చుకో.

నిర్వాహకులు

మంచి చర్చ. ఎవరైనా స్క్రిప్ట్ ఫైళ్లు ఇక్కడ జతచేస్తే అది ఏం చేస్తుందో, ఏ ఫైళ్లని మారుస్తుందో రెండు లైన్లు రాసి పెట్టండి, లేకపోతే తీసేస్తాం.

హాట్‌కీ_హడావిడి

సన్నగీత గారూ, నలభై ఫైళ్లంటున్నారు కదా. ఒక్కోటి తెరిచి కీ నొక్కడం కూడా అక్కర్లేదు. ఆటోక్యాడ్ ఫోల్డర్‌లో ఏసీకోర్‌కన్సోల్ అనే చిన్న ప్రోగ్రామ్ ఉంటుంది, 2013 వెర్షన్ నుంచీ వస్తోంది. బొమ్మ తెరపై చూపించకుండానే డ్రాయింగ్ తెరిచి, మీరిచ్చిన ఎస్‌సీఆర్ స్క్రిప్ట్ నడిపి మూసేస్తుంది. ఎస్‌సీఆర్ అంటే మీ మ్యాక్రోలోని వరసలే, లైన్‌కొకటి చొప్పున టెక్స్ట్ ఫైల్‌లో. ఒక బ్యాచ్ ఫైల్ (విండోస్ వరసగా నడిపే ఆదేశాల ఫైల్) రాసి ఫోల్డర్‌లో ఉన్నవన్నీ దానికి తినిపించొచ్చు. ముందు ఫోల్డర్ కాపీ తీసి, కాపీ మీద నడపండి. స్క్రిప్ట్‌లో ఖాళీలు జాగ్రత్త, ఒక్క స్పేస్ ఎక్కువైనా అది ఎంటర్ కిందే లెక్క, చివరి కమాండ్ మళ్లీ మొదలైపోతుంది.

సన్నగీత

అది వచ్చే వారం చూస్తాను, ఒక్కో మెట్టూ ఎక్కుతున్నాను. ప్రస్తుతానికి ఒకే ఒక్క అనుమానం మిగిలింది. ఒక ఫైల్ మూడుసార్లు పర్జ్ అయ్యాక కూడా 27 ఎంబీ ఉంది, అందులో ఉన్నది ఒక చిన్న ప్లాన్ మాత్రమే. ఏముందో కనబడటం లేదు.

పాత_పలక

రెగ్‌యాప్స్ అయ్యుండొచ్చు. వేరే ప్రోగ్రాములు డ్రాయింగ్‌లో వదిలేసి వెళ్లే పేర్లవి, ఒకరి నుంచి ఒకరికి ఫైల్ మారేకొద్దీ వేలల్లో పేరుకుపోతాయి. పర్జ్‌లో ఏ (అంటే అన్నీ) అని జవాబిచ్చినా అవి పోవు, విడిగా అడగాలి. అడ్డగీత పర్జ్, తర్వాత ఆర్, నక్షత్రం, ఎన్. మీ మ్యాక్రోలో ఆ ముక్క కూడా చివర చేర్చండి.

సన్నగీత

చేర్చాను. కాసేపు కమాండ్ లైన్ పరిగెత్తుతూనే ఉంది. సేవ్ చేశాక 2 ఎంబీ!